పొంగు రానివ్వని చారు

చారు ఎలా కాస్తారో మన ఇళ్ళలో పిల్లలందరికీ తెలుసు. చింతపండు పిసికిన నీళ్ళలో ఉప్పూ, పసుపూ, చారుపొడీ వేసి పొయ్యిమీద పెడతారు. గిన్నె అంచు చుట్టూ నురుగు కట్టి ఒక్క పొంగు రాగానే దించి, తిరగమోత పెడతారు. అసలు పొయ్యే ఎక్కనిది కూడా ఒకటి ఉన్నది. అది పచ్చిపులుసు. తెలంగాణాలో దానిని ఎంత ఇష్టంగా తింటారో చెప్పనక్కరలేదు.

ఈ రెంటికీ మధ్యరకం చారు ఒకటి జపాను దేశంలో ఉన్నది. దానిని పొయ్యిమీదనే పెడతారు. కాని అందులో అసలు సరుకు పడిన తరవాత మాత్రం పొంగు రానివ్వరు. ఎందుకు రానివ్వరో నాకు ఒక మామ్మగారు నేర్పారు. నేర్పటంలో ఆవిడకు కొంత నష్టం కూడా కలిగింది. ఆ సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిమీద వెళ్ళి, జపానులో ఒకజాకి అనే ఊళ్ళో ఆరు మాసాలు ఉన్నాను. ఇది నగోయా నగరానికి దగ్గర. 1543లో తొకుగావా ఇయెయాసు అనే గొప్ప ప్రభువు పుట్టింది ఈ ఊరి కోటలోనే. మామ్మగారి ఇంట్లో మేడమీది గది నేను అద్దెకు తీసుకున్నాను. వాళ్ళ ఇంట్లో ప్రతి ఉదయమూ అన్నంతోపాటు ఒక నల్లటి కొయ్యగిన్నెలో పొగలు కక్కే చారు ఉండేది. దాని పేరు మిసోషిరు. "షిరు" అంటే రసం. "మిసో" అంటే సోయా చిక్కుడు గింజలతో చేసే ఒక ముద్ద. చూడటానికి మన చింతపండు గుజ్జులాగా ఉంటుంది. వాసన చూస్తే కొంత సారాయిలాగా, కొంత పండులాగా, కొంత ఊరిన ఆవకాయలాగా కూడా అనిపిస్తుంది. రుచిలో ముందు ఉప్పు తగులుతుంది. ఆ వెనకనే ఏదో తీపి.

జపానువాళ్ళు ఈ చారుకు సాధారణంగా ఎండబెట్టిన చేపను చిత్రిక పట్టినట్టు గీసి, ఆ పొట్టుతో రసం తీస్తారు. నేను చేప తిననని తెలిసి, మామ్మగారు నాకోసం వేరే రసం తీసేవారు. అక్కడి బౌద్ధ మఠాలలో సన్యాసులకు వండే పద్ధతి అది. అందులో రెండే వస్తువులు: ఎండిన పుట్టగొడుగులూ, "కొంబు" అనే సముద్రపు నాచూ.

ఒకసారి ఆవిడ రెండు రోజులు కూతురు ఇంటికి వెళుతూ, ఒక చిన్న జాడీలో మిసో పెట్టి నా చేతికిచ్చి, "ఇది నీకు, నాయనా. చారు చేసుకో," అన్నారు. ఎలా చెయ్యాలో చెప్పబోయారు గాని, "నాకు తెలుసులెండి, చారు కాయటం మాకు కొత్త కాదు," అన్నాను నేను.

ఆ రెండో రోజు సాయంత్రం, ఆవిడ వచ్చేవేళకు వేడిగా ఉండాలని, జాడీలో ఉన్న మిసో అంతా కూరగాయలతోపాటు గిన్నెలో వేసి, పప్పుచారు మరిగించినట్టు పావుగంటసేపు కుతకుతా మరిగించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. నాకు చాలా గర్వంగా ఉన్నది. మామ్మగారు వచ్చి కూర్చున్నారు. గిన్నె ఎత్తి ఒక్క గుక్క తాగారు. ఏమీ అనలేదు. మిగిలినదంతా తాగి గిన్నె కింద పెట్టి, "కమ్మగా ఉన్నది," అన్నారు. నేను కూడా తాగి చూశాను. ఉప్పు ఉన్నది. తీపి కొంచెం ఉన్నది. ఆ పండు వాసన మాత్రం లేదు. అదంతా ఇల్లు నిండింది గాని గిన్నెలో మిగలలేదు!

మర్నాడు ఆవిడ నన్ను పెరట్లోని కొట్టులోకి తీసుకువెళ్ళారు. అక్కడ నా నడుమెత్తున ఒక కొయ్యపీపా ఉన్నది. మూతమీద నున్నటి ఏటిరాళ్ళు పేర్చి ఉన్నాయి. మూత తీస్తే అడుగున ఇంకా ఒక జానెడు మిసో కనిపించింది. ఆ పీపా రెండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో నింపినదట. గింజలు దంచింది మామ్మగారు. ముద్దలు చేసి పీపాలోకి విసిరింది తాతగారు. ముద్దలను పెట్టరు, విసురుతారు. అలా అయితేనే మధ్యలో గాలి చిక్కుకోకుండా ఉంటుంది. ఆ ఏటి వేసవిలోనే తాతగారు పోయారు. ఆయన చేతి మిసో ఇక ఆ జానెడే. అందులోంచి తీసి ఇచ్చినదే నేను పావుగంటసేపు మరిగించినది.

నాకు నోట మాట రాలేదు. క్షమించమని అడగటానికి జపాను మాటలు వెతుక్కుంటూ ఉంటే ఆవిడ నవ్వి, "అది చూపించటానికి కాదు నిన్ను తీసుకువచ్చినది. ఇటు చూడు," అని వంటింటిలోకి నడిచారు.

అక్కడ రెండు గిన్నెలలో చిక్కటి బియ్యపు జావ గోరువెచ్చగా ఉన్నది. గరిటె నిలబెడితే నిలబడేటంత చిక్కగా ఉన్నది. ఆవిడ పీపాలోనుంచి రెండు చెంచాల మిసో తెచ్చారు. ఒక చెంచాడు అలాగే మొదటి గిన్నెలో కలిపారు. రెండోదానిని కాసిని నీళ్ళలో వేసి బాగా మరగబెట్టి, చల్లార్చి, రెండో గిన్నెలో కలిపారు. రెండు గిన్నెలకూ మూతలుపెట్టి, చలికి ఆరిపోకుండా గుడ్డలు చుట్టారు. మేము మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూసేసరికి మొదటి గిన్నెలోని జావ నీళ్ళలాగా పలచబడి, తాగితే తియ్యగా ఉన్నది. రెండో గిన్నెలోని జావ ఎలా ఉన్నది అలాగే ఉన్నది!

"ఇది బతికి ఉన్నది. అది లేదు," అన్నారు మామ్మగారు.

ఏమిటి బతికి ఉన్నది? అదే చూద్దాం.

మిసో చెయ్యటానికి ముందు "కోజి" తయారుచేస్తారు. బియ్యం నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, ఒంటి వెచ్చదనానికి చల్లారిన తరవాత దానిమీద ఆకుపచ్చని పొడి ఒకటి చల్లుతారు. అది ఒకరకం బూజు తాలూకు విత్తనాలపొడి. రెండు రోజులు వెచ్చగా ఉంచితే మెతుకు మెతుకుకూ తెల్లటి నూగు పడుతుంది. ఇది మన రొట్టెలమీద పట్టే బూజువంటిది కాదు. వందల యేళ్ళుగా మనిషి చేతికింద పెరిగి, మచ్చిక అయిన బూజు. ఆవును మచ్చిక చేసుకున్నట్టే జపానువాళ్ళు దీనిని మచ్చిక చేసుకున్నారు. సారాయికీ, సోయా రసానికీ, మిసోకూ అన్నిటికీ ఇదే ఆధారం. 2006లో అక్కడి సారాయి పరిశోధకుల సంఘం దీనిని దేశపు బూజుగా ప్రకటించింది. దేశానికొక జెండా, దేశానికొక పువ్వు ఉండటం విన్నాం గాని, దేశానికొక బూజు ఉండటం నేను ఇంకెక్కడా వినలేదు.

ఈ బూజుకు నోరు లేదు, పళ్ళు లేవు. తన ఆహారాన్ని అది బయటనే జీర్ణం చేసుకుని, తరవాత పీల్చుకుంటుంది. అందుకోసం కొన్ని రసాలను వదులుతుంది. వీటికి ఎంజైములని పేరు. ఒక ఎంజైము పిండిపదార్థాన్ని తుంచి చక్కెర చేస్తుంది. జావ పలచబడి తియ్యగా అయినది ఇందువల్లనే. ఇటువంటి ఎంజైము మీ నోట్లో కూడా ఉన్నది. నమ్మకపోతే రెండు మెతుకులు ఉత్త అన్నం నోట్లో వేసుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమలండి. తీపి తెలుస్తుంది.

ఇంకొక ఎంజైము సోయా గింజలలోని మాంసకృత్తులను తుంచుతుంది. మాంసకృత్తులు పూసలదండలవంటివి. దండగా ఉన్నంతసేపూ నాలుకకు రుచి తెలియదు. దండ తెగి పూసలు విడిపోయాయంటే రుచి పుడుతుంది. ఆ పూసలలో ఒకటి గ్లూటమిక్ ఆమ్లం. 1908లో టోక్యో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కికునాయె ఇకెదా కొంబు రసానికి ఆ కమ్మదనం ఎక్కడిదని వెతికి, దానికి కారణం ఇదేనని కనిపెట్టాడు. ఆ రుచికి "ఉమామి" అని పేరు కూడా ఆయనే పెట్టాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదుల సరసన ఇవాళ శాస్త్రజ్ఞులు దీనిని కూడా లెక్కవేస్తున్నారు. మన బాగా పండిన టొమేటోలో కూడా ఇది ఉన్నది.

కోజి తయారైన తరవాత దానికి ఉప్పు కలిపి, ఉడికించి దంచిన సోయా గింజలతో పిసికి పీపాకెత్తుతారు. చలికాలంలో ఎత్తటానికి కారణం ఉన్నది. ఆ రోజులలో గాలిలో చెడ్డ సూక్ష్మజీవుల బెడద తక్కువ. ఆపైన ఉప్పు కాపలా కాస్తుంది. ఇంతటి ఉప్పులో ఏ జీవీ బతకదనుకుంటాం గాని, ఉప్పుకు ఓర్చుకునే ఈస్టులూ, మన పెరుగులో ఉండేవాటికి చుట్టాలైన బాక్టీరియాలూ కొన్ని ఉన్నాయి. వేసవి వచ్చి పీపా వేడెక్కగానే ఇవి పనిలోకి దిగుతాయి. ఆ పండు వాసనా, సారాయి వాసనా ఈస్టులు చేసే పనే. నెలలు గడిచినకొద్దీ ముద్ద రంగు తిరుగుతుంది. కొద్ది వారాలు ఊరినది లేత పసుపుగా, తియ్యగా ఉంటుంది. ఏడాది దాటినది ఎర్రగా, ఘాటుగా ఉంటుంది.

ఒకజాకివాళ్ళది ఇంకో దారి. వాళ్ళు బియ్యం వెయ్యకుండా సోయా గింజలకే బూజు పట్టిస్తారు. ఈ మిసోకు "హచ్చో" అని పేరు. హచ్చో అంటే ఎనిమిది చోలు. కోటకు అంత దూరాన ఉన్న పేటలో తయారైంది గనక ఆ పేరు వచ్చింది. మన లెక్కన కిలోమీటరుకు కాస్త తక్కువ. నేను వెళ్ళి చూశాను. మనిషికన్న ఎత్తయిన కొయ్యగాబులు, ఒక్కొక్కదానిలో సుమారు ఆరు టన్నుల మిసో, దానిమీద గోపురంలాగా పేర్చిన మూడు టన్నుల ఏటిరాళ్ళు! సిమెంటు లేదు, తాడు లేదు, ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉంటాయి. ఆ పేర్పు నేర్చుకోవటానికే ఏళ్ళు పడుతుందట. ఆ బరువు కింద రెండు వేసవులూ, రెండు శీతకాలాలూ గడిస్తేగాని హచ్చో మిసో కాదు. దాని రంగు దాదాపు నలుపు. నాకు మాత్రం మామ్మగారి బియ్యపు మిసోయే నచ్చింది. ఆవిడ పుట్టిల్లు ఉత్తరాన ఉన్నది, అక్కడి అలవాటే ఆవిడ మానలేదు. "మీ ఊరి మిసో నల్లగా పిడుకలాగా ఉంటుంది," అని తాతగారిని ఏడిపించేవారట. జపాను భాషలో సొంతడబ్బా కొట్టుకోవటాన్ని "మా ఇంటి మిసో" అంటారు. వెనకటికి ప్రతి ఇంటా మిసో పెట్టుకునేవారు గనక, ఎవరిది వారికి గొప్ప. మన ఆవకాయ సంగతి తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంత కష్టపడి రెండేళ్ళు పెంచినదానిని రెండు నిమిషాలు మరిగిస్తే ఈస్టులూ, బాక్టీరియాలూ చస్తాయి, ఎంజైములు చెడిపోతాయి, వాసన ఆవిరితో లేచిపోతుంది. మీ అమ్మ కాగుతున్న పాలలో తోడు వేస్తుందా? వెయ్యదు. గోరువెచ్చగా అయిందాకా ఆగుతుంది. ఇదీ అంతే.

నిజం చెప్పాలంటే, జపానులో చాలామంది పాలకు తోడు పెట్టినంత నిదానంగా ఏమీ చెయ్యరు. గిన్నె దించగానే వేడిమీదనే మిసో కలిపేస్తారు. వాసన నిలుస్తుంది గాని లోపలి జీవులు చాలావరకు పోతాయి. మామ్మగారు మాత్రం ఇంకా ఆగేవారు. కూరగాయలు కూడా కొన్ని పచ్చివే వేసేవారు. కడుపునిండా ఉండే ఆ చారు ఎలా చెయ్యాలో చెబుతాను. పొయ్యి దగ్గర పని అమ్మనో నాన్ననో చెయ్యనివ్వండి. తరగటం, తురమటం, కలపటం మీ వంతు.

నలుగురికి లీటరు నీళ్ళు కావాలి. ముందురోజు రాత్రి వాటిలో నాలుగు ఎండు పుట్టగొడుగులూ, జానెడు కొంబు ముక్కా నానవెయ్యాలి. పుట్టగొడుగులు "షీటాకే" అనే రకం అయితే మంచిది. ఇవీ, మిసో కూడా ఇప్పుడు మన పెద్ద నగరాలలో కొన్ని దుకాణాలలో దొరుకుతున్నాయి. కొంబు దొరకకపోతే రెండు పండు టొమేటోలు కోసి వెయ్యండి. ఇకెదా గారు కోప్పడరు.

పొద్దున గిన్నెను సన్నటి మంటమీద పెట్టాలి. అడుగున చిన్న బుడగలు కనిపించగానే కొంబు తీసెయ్యాలి. అది మరిగితే రసం జిగురుగా అయి రుచి పాడవుతుంది. పుట్టగొడుగులను మాత్రం తియ్యకుండా, ఒక చిన్న గుమ్మడిముక్క కోసి అందులోనే వేసి, పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వాలి. షీటాకే పచ్చిగా తింటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. బంగాళాదుంప వేసినా ఇప్పుడే వేసి మెత్తగా ఉడికించాలి, అది కూడా పచ్చిగా తినేది కాదు. ఇంతవరకు ఎంత మరిగినా నష్టం లేదు. తరవాత దించి, మూత తీసి పక్కన పెట్టాలి.

అది చల్లారేలోగా మీ పని మొదలు. ఒక కారట్టు తురమండి. ముల్లంగిని అగ్గిపుల్లల్లాగా సన్నగా తరగండి. నాలుగు లేత పాలకూర ఆకులు, రెండు ఉల్లికాడలు తరగండి. ఇవన్నీ పచ్చివే తింటాం గనక రెండు మూడు నీళ్ళు మార్చి బాగా కడగాలి. నాలుగు గిన్నెలలో సమంగా సర్దండి. అడుగు కనపడకుండా నిండుగా వేస్తేనే ఇది కడుపునింపే చారు అవుతుంది.

పావుగంటో, ఇరవై నిమిషాలో అయిన తరవాత రసం ఒక చెంచాడు తీసి చూడండి. ఊదుకోకుండా తాగగలిగితే సరి. ఊదుకోవలసి వస్తే ఇంకా ఆగాలి. మామ్మగారి ఇంట్లో ఉష్ణమాపకం ఉండగా నేను చూడలేదు. ఆవిడ పెదవే ఉష్ణమాపకం. ఇప్పుడు ఒక కప్పులో మూడు పెద్ద చెంచాల మిసో తీసుకుని, కొంచెం రసం పోసి, ఉండలు లేకుండా మెదపాలి. అది గిన్నెలోని రసంలో కలిపి, వెంటనే కూరగాయలమీద పొయ్యాలి. వేయించి నలిపిన నువ్వులు పైన చల్లితే మరీ బాగుంటుంది.

ఉప్పు వెయ్యకండి. మిసోలో ఉప్పు చాలా ఉన్నది. ఎర్రరకంలో ఎనిమిదో వంతు దాకా ఉప్పే. అందుకని పూటకు ఒక గిన్నె చాలు, రెండోది అడగవద్దు. సోయా పడనివాళ్ళు దీని జోలికి పోరాదు. ఈ చారు తాగితే సర్వరోగాలూ పోతాయని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను ఆ మాట చెప్పను. గోరువెచ్చటి చారు నిలవ ఉండదు గనక ఎంతమంది ఉంటే అంతకే కలపాలి. మిగిలిన రసం మిసో లేకుండా దాచుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక సంగతి చూడాలి. దుకాణాలలో దొరికే మిసోలో చాలా భాగం ముందే వేడిచేసి ఉంటుంది. పొట్లంమీద వేడిచెయ్యలేదని రాసినదీ, చల్లని అలమరలో ఉంచినదీ అయితే అది బతికినది. చేప తిననివాళ్ళు అందులో చేప రసం కలిపారేమో కూడా చదివి చూడాలి. బతికిన మిసో పొట్లాలకు కొన్నిటికి చిన్న రంధ్రంవంటి ఏర్పాటు ఉంటుంది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు.

నేను తిరిగి వచ్చే రోజున మామ్మగారు పీపా అడుగునుంచి ఒక డబ్బాడు మిసో తీసి ఇచ్చారు. నేను వద్దన్నాను. "నేను ఈ చలికి మళ్ళీ పెడతాను. అడుగునది కొంత కొత్తదానిలో కలుపుతాను. మిగిలింది నువ్వు తీసుకువెళ్ళు," అన్నారు. ముద్దలు ఎవరు విసురుతారని అడిగాను. పక్కింటి పిల్లలకు అప్పుడే చెప్పి ఉంచారట. విసరమంటే వద్దనే పిల్లలు ఎక్కడైనా ఉంటారా?

ఇంటికి వచ్చి పెట్టె తెరిచేసరికి నా గుండె గుభేలుమన్నది. డబ్బా మూత బోర్లించిన మూకుడులాగా ఉబ్బి ఉన్నది. పాడైపోయిందనే అనుకున్నాను. మూత కొంచెం సడలించగానే "బుస్సు"మని గాలి పోయింది. దాని వెనకే ఆ పండు వాసన గదంతా వచ్చింది. దారిలో ఎండ తగిలి ఈస్టులు మేలుకున్నాయి. అవి వదిలిన గాలికే మూత ఉబ్బింది. మా అమ్మ పరుగెత్తుకు వచ్చి, "ఏమిట్రా అది బుసకొట్టింది?" అన్నది.

"ఏమీ లేదమ్మా, బతికే ఉన్నది," అని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.